అతుకు బలం

సదుం, పుంగనూరు ప్రాంతాల్లో సేద్యం చాలావరకు బోరుబావుల మీద ఆధారపడింది. టమోటా తోట పూతకు వచ్చిన వేళ మోటారు ఆగిపోతే, రైతు మొదట తెరిచేది స్టార్టరు పెట్టెను. తెరవగానే కమురు వాసన ముక్కుకు సోకుతుంది. తీగ నడుమ చెడిపోవడం అరుదు. చెడేది దాని కొన, అది మరతో బిగించిన చోట. కొన నల్లబడి, పైతొడుగు కరిగి ఉంటుంది. మెకానిక్ ఆ భాగాన్ని కత్తిరించి, కొత్త కొనను బిగించి వెళ్ళిపోతాడు. మోటారు మళ్ళీ తిరుగుతుంది. ఆ కొన ఎందుకు కాలింది అన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరూ వేయరు.

ఆ ప్రశ్న వేయక తప్పని రోజులు వచ్చాయి. 2022 సెప్టెంబరులో తిరుమల కొండదారిలో ఏ.పి.ఎస్.ఆర్.టి.సి. విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. తిరుపతికి కేటాయించిన నూరు బస్సుల్లో కొన్నింటిని మదనపల్లె మార్గానికి నిర్దేశించారు. బోరు మోటారులో అతుకు చెడితే ఒక తడి తప్పుతుంది. బస్సులో అతుకు చెడితే, అది ఉన్నది ప్రయాణికుల పాదాల కిందో, తల మీదో.

పది హార్స్‌పవర్ల బోరు మోటారు సుమారు 15 ఆంపియర్ల విద్యుత్తును తీసుకొంటుంది. 600 వోల్టుల బ్యాటరీ గల బస్సు 180 కిలోవాట్ల శక్తితో కొండ ఎక్కుతున్నదనుకొంటే, బ్యాటరీ తీగల్లో ప్రవహించేది 300 ఆంపియర్లు. అంటే ఇరవై రెట్లు. అయితే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందన్నది జౌల్ నియమం. కాబట్టి ఒకే నిరోధం గల అతుకులో పుట్టే వేడి ఇరవై రెట్లు కాదు, నాలుగు వందల రెట్లు. ఒక అతుకు నిరోధం ఓములో వెయ్యోవంతు అనుకొందాం. బోరు మోటారు వద్ద అది పావు వాటు వేడిని కూడా పుట్టించదు. బస్సులో అదే అతుకు 90 వాట్ల వేడిని వెలువరిస్తుంది. పాతకాలపు నూరు వాట్ల బల్బు వేడి దాదాపు అంతా బొటనవేలంత రాగి ముక్కలో చేరినట్లే. ఆ వేడికి రాగి మీద ఆక్సైడు పొర పెరుగుతుంది. పొర పెరిగితే నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. శ్రద్ధతో చేసిన అతుకులో నిరోధం ఇందులో యాభయ్యోవంతుకో, నూరోవంతుకో మించదు. అప్పుడు పుట్టే వేడి ఒకటి రెండు వాట్లే.

ఇంత భేదం ఎక్కడినుండి వస్తుంది? నున్నగా కనిపించే లోహపు ఉపరితలం నిజానికి మిట్టపల్లాల మయం. రెండు లోహాలను ఆనించి ఉంచితే మిట్టలు మాత్రమే తాకుతాయి. తక్కిన చోటల్లా గాలి, తేమ నిలిచి, క్రమంగా చిలుము పడుతుంది. ఈ సందులను లేకుండా చేయడమే క్రింపింగు ప్రయోజనం. 70 చదరపు మిల్లీమీటర్ల తీగలో వందలాది సన్నని రాగి పోగులు ఉంటాయి. వాటిని లగ్గు అనే రాగి గొట్టంలోకి దూర్చి, హైడ్రాలిక్ యంత్రంతో ఆరు పలకల అచ్చుల మధ్య నొక్కుతారు. ఆ ఒత్తిడికి గుండ్రని పోగులు తేనెపట్టు గదుల వలె పలకలు తేరి ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటి మీది ఆక్సైడు పొర పగిలి, కొత్త లోహం కొత్త లోహాన్ని తాకుతుంది. గాలికి చోటు ఉండదు. బండిచక్రానికి ఎర్రగా కాల్చిన ఇనుప కట్టు తొడిగి నీళ్ళు పోసినప్పుడు, అది చల్లారి ముడుచుకొని ఆకులను ఏళ్ళ తరబడి బిగించి పట్టినట్లు, నొక్కిన గొట్టం కూడా పోగులను వదలని ఒత్తిడితో పట్టి ఉంచుతుంది.

టంకం వేస్తే చాలదా అన్న సందేహం రావడం సహజం. తగరం, సీసం కలిసిన సాధారణ టంకం 183 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. రాగి కరగడానికి 1085 డిగ్రీలు కావాలి. వేడెక్కిన అతుకును కాపాడవలసిన సమయంలో టంకమే ముందుగా జారిపోతుంది. అంతేకాక కరిగిన టంకం పోగుల మధ్య పైకి పాకి, మెత్తని తీగను కొంతమేర కడ్డీలా మారుస్తుంది. వాహనపు కుదుపులకు తీగ సరిగ్గా ఆ కడ్డీ ముగిసేచోట విరుగుతుంది. విమానాల్లో, నౌకల్లో ఈ ఇబ్బంది తప్పించేందుకే 1941లో అమెరికాలో స్థాపించబడిన ఎయిర్‌క్రాఫ్ట్ మెరైన్ ప్రాడక్ట్స్ సంస్థ టంకం అక్కరలేని కొనలను తయారుచేసింది.

క్రింపింగు చేస్తే చాలదు, కొలత కుదరాలి. తీగ పరిమాణం, గొట్టపు లోపలి వ్యాసం, అచ్చు సంఖ్య ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. లగ్గు వదులుగా ఉన్నదని తెగిన పోగులను దోపి నింపడం, తీగ లావుగా ఉన్నదని కొన్ని పోగులను కోసివేయడం పల్లెటూరి షెడ్లలోనే కాదు, పట్టణాల్లోనూ కనబడే పనులు. పైతొడుగును ఒలిచేటప్పుడు కత్తి రాగికి తగలకూడదు. గాటు పడిన పోగు తరువాత విరుగుతుంది. చిలుము పట్టిన కొనను వాడరాదు. పోగులు గొట్టం చివరిదాకా చేరాయో లేదో లగ్గుపై ఉండే చిన్న రంధ్రంలోంచి చూడవచ్చు. అచ్చులు పూర్తిగా మూసుకొనేదాకా నొక్కాలి. ఇక సుత్తితో కొట్టి చదును చేసిన లగ్గును అతుకు అనడమే సాహసం. పైకి ఎంత గట్టిగా కనిపించినా దాని లోపల పోగుల మధ్య ఖాళీలు అలాగే ఉంటాయి. చివరగా, లోపల జిగురు పూత గల గొట్టాన్ని తొడిగి వేడిచేస్తే అది ముడుచుకొని తేమను రానీయదు.

కంటిచూపు ఇక్కడ నమ్మదగిన సాక్షి కాదు. అందుకే కర్మాగారాల్లో నమూనాగా కొన్ని అతుకులను యంత్రంతో లాగి తెంపిచూస్తారు. మరికొన్నింటిని అడ్డంగా కోసి, లోపల ఖాళీలు మిగిలాయేమో సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. వాహనంలో అమర్చిన అతుకును కోయలేరు గనుక వేడినిబట్టి పరీక్షిస్తారు. బస్సు కొండ దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి బ్యాటరీకి విద్యుత్తును తిరిగి పంపుతుంది; అంటే ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడూ అతుకులకు పని తప్పదు. ప్రయాణం ముగిసిన వెంటనే, శిక్షణ పొందిన సిబ్బంది పరారుణ కెమెరాతో చూసినప్పుడు, ఒకే వరుసలోని అతుకుల్లో ఒకటి తక్కిన వాటికంటే వేడిగా కనబడితే, బస్సును ఆపి, బ్యాటరీని వేరుచేసి, దాని బోల్టు బిగువును మొదట సరిచూస్తారు. బోల్టు సరిగానే ఉన్నదంటే ఆ నారింజ రంగు తీగను విప్పి, లగ్గును కోసివేసి, కొత్తది నొక్కుతారు.