అరచేతిలో యంత్రము

ఎఱ్ఱగుంట్ల, ముద్దనూరు స్టేషన్ల మీదుగా ఆవిరి ఇంజనులు పొగ చిమ్ముచు సాగిన కాలము గతించినది. వేంపల్లె, పులివెందుల ప్రాంతపు బావుల కడ మ్రోగిన నూనె ఇంజనుల చోటును చాలవఱకు విద్యుత్ మోటారులు ఆక్రమించినవి. మోటారు లోపల ఏమి జరుగుచున్నదో కంటికి కానరాదు. పిస్టను ముందుకు వెనుకకు ఆడుట, ఆ ఆటతో ఇరుసు తిరుగుట, చక్రము వేగము పుంజుకొనుట చూడగోరువారు అరచేతిలో ఇముడునంత యంత్రమును ఇంటనే చేసికొనవచ్చును. ఒక చిన్న లేతు, బల్లకు బిగించిన వైసు, నాలుగు ఆకురాళ్లు, కొలత పరికరములు ఉన్న చాలును. ఓర్పు మాత్రము అంగడిలో దొరకదు.

పెద్ద యంత్రపు పటమును తీసికొని ప్రతి కొలతను పదవ వంతునకు తగ్గించినచో చిన్న యంత్రము సిద్ధించునని పలువురు భావింతురు. మేమును అట్లే భావించి, రెండు వేసవులు శ్రమించి, ఇత్తడి సిలిండరుతో ఒక ఆవిరి యంత్రమును చేసితిమి. అది నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయినది. మూత విప్పి చూడగా లోపల ఆవిరి లేదు, నీరున్నది.

మాకు ఊరట కలిగించు సంగతి ఒకటి చరిత్రలో కలదు. 1763-64 శీతకాలమున, గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పరికరములు చేసిపెట్టు జేమ్స్ వాట్ వద్దకు న్యూకొమెన్ యంత్రపు నమూనా యొకటి మరమ్మతుకు వచ్చినది. ఆ జాతి పెద్ద యంత్రములు 1712 నుండియు గనులలో నీరు తోడుచుండెను. రెండంగుళముల సిలిండరు గల నమూనా మాత్రము కొన్ని మార్లు ఆడి ఆగిపోవుచుండెను. వాట్ దానిని బాగుచేసి ఊరకుండక, ఆవిరి ఏమైపోవుచున్నదని విచారించెను. సిలిండరు గోడ ప్రతి మారును చల్లబడుచున్నది; దానిని మరల వేడెక్కించుటకే ఆవిరిలో అధికభాగము వ్యయమగుచున్నది. ఆవిరిని వేఱొక పాత్రలో చల్లబఱచవలెనను ఆలోచన 1765లో ఆయనకు తోచినది. 1769లో పేటెంటు లభించినది. ఆ నమూనా చక్కగా నడచియున్నచో వాట్ దానివైపు రెండవమారు చూచియుండునా యని మాకు సందేహము.

కారణము చిన్న లెక్కయే. కొలతలు పదవ వంతైనపుడు సిలిండరులో పట్టు ఆవిరి వేయవ వంతగును. గోడల వైశాల్యము నూఱవ వంతు మాత్రమే యగును. అనగా అదే పరిమాణపు ఆవిరికి తగులు చల్లని గోడ పది రెట్లు. గంగాళములోని అన్నము చాలసేపు వేడిగా నుండుట, ఉగ్గుగిన్నెలోనిది ఇట్టే చల్లారుట గృహిణులు ఎఱిగినదే. కావున మేము సిలిండరునకు కొయ్యపట్టీలు చుట్టితిమి. ముందుగా ఆవిరి పంపి వేడెక్కించి, చేరిన నీటిని చిన్న కుళాయి గుండ వదలి, పిదప చక్రమును చేతితో త్రిప్పితిమి. ఈమారు నిలువలేదు.

బాయిలరు విషయమున ఒక హెచ్చరిక. మూసిన డబ్బాలో నీరు కాచుట ప్రాణాపాయము. రాగితో చేసి, వెండిటంకము పెట్టి, రక్షణ కవాటము, పీడనమాపకము అమర్చి, పనిచేయు పీడనమునకు రెట్టింపు పీడనముతో పరీక్షింపవలెను. ఆ పరీక్ష చన్నీటితోనే జరుపవలెను. నీరు నొక్కుడుపడదు గనుక అతుకు వీడినను చిమ్మునే గాని ప్రేలదు.

ఈ భయము లేని యంత్రము వేఱొకటి కలదు. 2008లో ఇడుపులపాయ యందు వెలసిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయములో, పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు ఆఱేండ్ల చదువున మెకానికల్ ఇంజనీరింగు వంటి శాఖలు అభ్యసించుచున్నారు. కాగితముపై సాధించు ఉష్ణసూత్రములు వారి వేలికి తగులవలెనన్న, 1816లో రాబర్ట్ స్టెర్లింగ్ అను స్కాట్లండు మతాచార్యుడు పేటెంటు పొందిన వేడిగాలి యంత్రము తగినది. వేడికి తాళు గాజునాళిక, స్పిరిటు దీపము, పిస్టనుకై గాజు సిరంజి, ఇరుసునకు సైకిలు పుల్ల చాలును. నాళికలో గోడలకు తగులక ఆడు తేలికపాటి దిమ్మె గాలిని వేడికొసకు, చల్లని కొసకు మార్చి మార్చి నెట్టును. గాలి వ్యాకోచించి పిస్టనును త్రోయును, సంకోచించి లాగికొనును. దిమ్మె పిస్టనుకంటె పావుచుట్టు ముందుండవలెను. సిరంజి మూతి వ్రేలితో మూసి నిలువుగా పట్టినపుడు పిస్టను తన బరువుతో మెల్లమెల్లగా దిగినచో అమరిక సరిపోయినట్లు. నూనె వేయరాదు, ఇంత చిన్న యంత్రమునకు నూనె జిగటయే సంకెల.

ఇడుపులపాయ కొండల నడుమ మే మాసపు మధ్యాహ్నమున ఈ యంత్రము కొంతసేపటికి మందగించును. వత్తి పెంచిన లాభము లేదు. చల్లని కొస వేడెక్కుటయే కారణము. ఆ కొసకు తొడిగిన అల్యూమినియము గొట్టముపై తడిగుడ్డ చుట్టవలెను. మట్టికుండలో నీరు చల్లబడు తీరుననే చెమ్మ ఆవిరియై వేడిని గొనిపోవును. గుడ్డ ఆఱువఱకు చక్రము మరల జోరుగా తిరుగును.