పాత ఇంటి పెరట్లో కొత్త షెడ్డు

ఇంగ్లండ్‌లో మా పెద్దమ్మ కొడుకు కొన్న ఇల్లు రెండొందల ఏళ్ల నాటిది. పెరటి చివర చిన్న వడ్రంగం వర్క్‌షాప్ కట్టాలని అన్నయ్య ప్లాన్. పెదనాన్న రిటైరై అక్కడికే వెళ్తున్నారు. చేతిలో రంపమో ఉలో లేకపోతే ఆయనకి తోచదు. ఒక షెడ్డే కదా, దానికింత ఆలోచనేంటి అంటారా? ఆ ఇల్లు గ్రేడ్ 2 లిస్టెడ్ బిల్డింగ్. రూల్స్ చదివిపెట్టే పని నాకు పడింది.

లిస్టెడ్ అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం జాబితాకెక్కించిన కట్టడం. కోటలూ చర్చిలే అనుకోకండి. జాబితాలో తొంభై శాతానికి పైగా గ్రేడ్ 2వే. వాటిలో మామూలు జనం కాపురముంటున్న ఇళ్లు బోలెడు.

అక్కడ మామూలు ఇంటివాళ్లకి 'పర్మిటెడ్ డెవలప్‌మెంట్' అని ఒక డిఫాల్ట్ పర్మిషన్ ఉంది. కొలతల్లో ఉంటే చాలు (సరిహద్దుకి 2 మీటర్ల లోపు కడితే ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు, ఇలాంటివి), అప్లికేషన్ లేకుండానే పెరట్లో షెడ్డు కట్టుకోవచ్చు. లిస్టెడ్ ఇంటి ఆవరణలో ఆ డిఫాల్ట్ ఆఫ్. ప్లానింగ్ పర్మిషన్ అడగాల్సిందే.

దీనికి తోడు 'లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్' అని ఇంకోటి ఉంది. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. ప్లానింగ్ పర్మిషన్ కొత్తగా కట్టేదానికి, కన్సెంట్ పాతదాన్ని ముట్టుకున్నందుకు. దేన్నీ తాకకుండా విడిగా నిలబడే షెడ్డుకి సాధారణంగా మొదటిదే చాలు.

చిక్కంతా 'పాతది' అంటే ఏంటన్న దగ్గరే. మన భాషలో చెప్పాలంటే ఇన్‌హెరిటెన్స్. ఇంటి ఆవరణలో భాగంగా 1948 జులై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలకి కూడా ఇంటి రక్షణే వర్తిస్తుంది. జాబితాలో వాటి పేరు విడిగా ఉండక్కర్లేదు. పాడుబడ్డ బండ్ల కొట్టం, ఇటుకల ప్రహరీ, అన్నీ.

అన్నయ్య వాళ్ల పెరటి వెనక అలాంటి గోడే ఉంది. ఎలాగూ గోడుంది, దానికి ఆనించి మూడువైపులా లేపితే ఖర్చు తగ్గుతుంది కదా! మన ఊళ్లో ఎవరైనా వేసే లెక్కే ఇది. కానీ ఆ గోడలో దూలం దిగిందంటే కన్సెంట్ కావాలి. కన్సెంట్ లేకుండా చేస్తే అది క్రిమినల్ నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా సరిచేయమని నోటీసు ఇవ్వడానికి కాలపరిమితి లేదు. ఇల్లు అమ్మేసినా, ఆ నోటీసు కొన్నవాళ్లకి రావచ్చు. కాబట్టి గోడకి కాస్త జాగా వదిలి విడిగా కట్టడమే మేలని చెప్పాను.

ఇక అప్లికేషన్‌లో అసలు ప్రశ్న షెడ్డు ఎంత అందంగా ఉందని కాదు, దానివల్ల పాతింటి పరిసరాలు ఎలా మారతాయని. 1990 నాటి చట్టం ప్రకారం అధికారులు దీన్ని ప్రత్యేకంగా చూడాలి. వీధిలోంచి ఇల్లు కనిపించే తీరుకి అడ్డొస్తుందా, కప్పు ఇంటికంటే ఎత్తుగా పోతుందా, ఇవన్నీ ఒక రిపోర్టులో రాసివ్వాలి. పాతకాలం దానిలా వేషం వేయక్కర్లేదట. నాకు అది నచ్చింది. మామూలు చెక్క గోడలతో, ఇంటి ముందు ఒదిగి ఉంటే చాలు.

ఒక్కటి మాత్రం అన్నయ్య ప్లాన్‌లో లేదు: కరెంటు. పెదనాన్న మెషిన్లకి ఇంట్లోంచే లైన్ లాగాలి. ఆ కేబుల్ కోసం పాతింటి గోడకి కన్నం పెట్టాలంటే, షెడ్డుకి అక్కర్లేని కన్సెంట్ ఆ కన్నానికి అవసరం కావచ్చు. ఆ ప్రశ్న కౌన్సిల్ వాళ్లని ముందే అడగమన్నాను.