తీగ లేని ఛార్జింగులో తరుగెంత?

ఒక గుండ్రటి పలచని బిళ్ల మీద సెల్‌ఫోనును పెడతారు. పిన్ను గుచ్చరు, తీగ తగిలించరు. అయినా ఫోను ఛార్జింగు అవుతూనే ఉంటుంది. ఆ బిళ్లను ఛార్జింగు ప్యాడు అంటారు. మొదటిసారి చూసినవాళ్లకు ఇదేదో ఇంద్రజాలంలా ఉంటుంది. "ఇంత సుఖమైన ఏర్పాటు ఉండగా అన్ని ఫోన్లలోనూ ఎందుకు పెట్టరు?" అని మీకు సందేహం వచ్చే ఉంటుంది. ఖరీదు ఒక కారణమే. కానీ అదొక్కటే కాదు. మీ పాఠ్యపుస్తకంలో ఉన్న భౌతికశాస్త్రమే ఇక్కడ అడ్డుపడుతోంది.

ముందు ఆ ప్యాడును తిరగేసి చూడండి. దాని అంచు నుంచి ఒక తీగ బయలుదేరి గోడకున్న ప్లగ్గు దాకా పోతోంది, చూశారా? అంటే తీగ మాయం కాలేదన్నమాట! ఫోనుకుండే తీగ ఊడి ప్యాడుకు తగులుకుంది, అంతే. మనం నిజంగా ఎత్తేసింది ప్యాడుకూ ఫోనుకూ మధ్య ఉన్న ఆఖరి అర సెంటీమీటరును మాత్రమే. ఆ అర సెంటీమీటరుకు మనం ఎంత చెల్లిస్తున్నామో లెక్క చూద్దాం.

ఈ కథకు మూలం దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఉంది. 1831 ఆగస్టు 29న లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే ఒక ప్రయోగం చేశాడు. ఒక ఇనుప కడియం తీసుకుని, ఒక పక్క ఒక తీగచుట్ట, రెండో పక్క మరో తీగచుట్ట చుట్టాడు. రెండు చుట్టలూ ఒకదాన్నొకటి తాకవు. మొదటి చుట్టను బ్యాటరీకి కలిపాడు. అదే క్షణంలో రెండో చుట్ట దగ్గర ఉంచిన అయస్కాంత సూది చటుక్కున కదిలింది. బ్యాటరీని విడదీశాడు. సూది మళ్లీ కదిలింది. అయితే, మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ సూది ఉలకలేదు, పలకలేదు.

దీని భావమేమిటి? రెండో చుట్టలో కరెంటును పుట్టించేది అయస్కాంత క్షేత్రం కాదు, ఆ క్షేత్రంలో వచ్చే మార్పు. దీన్నే విద్యుదయస్కాంత ప్రేరణ అంటాం. ఛార్జింగు ప్యాడు లోపల ఒక రాగి తీగచుట్ట ఉంటుంది. ఫోను వీపు వెనక మరో చుట్ట ఉంటుంది. ప్యాడులోని చుట్టలో కరెంటు సెకనుకు లక్షకు పైగా సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దాంతో అయస్కాంత క్షేత్రం కూడా అంత వేగంగానూ మారుతుంది. ఫోనులోని చుట్టలో కరెంటు పుడుతుంది.

"ఇదే పని మా వీధి చివర స్తంభాల మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరు కూడా చేస్తుంది కదా? అందులోనూ రెండు చుట్టలు తాకకుండానే ఉంటాయి కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ ట్రాన్స్‌ఫార్మరు తనకు అందిన శక్తిలో నూటికి 97, 98 పాళ్ల దాకా అవతలికి దాటిస్తుంది. మరి ఈ చిన్న ప్యాడుకు ఆ పని ఎందుకు చేతకాదు?

తేడా అంతా మధ్యలో ఉన్న ఇనుములో ఉంది. ట్రాన్స్‌ఫార్మరు చుట్టలు రెండూ ఒకే ఇనుప దిమ్మ మీద ఉంటాయి. ఆ దిమ్మ ఎక్కడా తెగకుండా చట్రంలా తిరిగి వస్తుంది. అయస్కాంత బలరేఖలకు గాలిలో కంటే ఇనుములో నడవడం ఎంతో తేలిక. కాలవలో నీళ్లలాగా అవి ఆ ఇనుములోనే పోయి, దాదాపు అన్నీ రెండో చుట్టలోంచి దూరి వస్తాయి. ఇప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మరును రంపంతో నడిమికి కోసి, ఒక సగాన్ని బల్ల మీదా, రెండో సగాన్ని ఫోనులోనూ పెట్టామనుకోండి. అదే తీగ లేని ఛార్జరు! కాలవ గట్టు తెగింది. ప్యాడు గాజూ, ఫోను వీపూ, దానికి మనం తొడిగిన కవరూ మధ్యలో అడ్డు వచ్చాయి. బలరేఖలు కొన్ని పక్కలకు విచ్చుకుని, ఫోను చుట్టను తాకకుండానే వెనక్కి తిరిగిపోతాయి.

ఇక్కడొక తమాషా ఉంది. అలా వెనక్కి వచ్చిన బలరేఖల శక్తి అంతా వృథా అయిపోదు. చాలా మటుకు తిరిగి మొదటి చుట్టకే చేరుతుంది. "మరింకేం? నష్టం లేనట్టే కదా!" అనకండి. ఫోనుకు కావలసినంత శక్తి అందాలంటే, జారిపోయే బలరేఖలను కూడా లెక్కలో వేసుకుని, మొదటి చుట్టలో ఎక్కువ కరెంటు పారించాలి. కరెంటు పారితే తీగ వేడెక్కుతుంది. జూల్ నియమం మీరు చదువుకున్నారు కదా: కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఫోనును ప్యాడు మధ్యలో కాకుండా సెంటీమీటరు పక్కకు పెడితే జరిగేది కూడా ఇదే. చుట్టలు ఎదురెదురుగా ఉండవు, జారిపోయే రేఖలు పెరుగుతాయి, ప్యాడు మరింత కష్టపడుతుంది, మరింత వేడెక్కుతుంది.

ఇది కాక, మార్పిళ్ల ఖర్చు ఒకటుంది. బంగారాన్ని కరిగించి నగ చేయించిన ప్రతిసారీ కంసాలి తరుగు తీస్తాడు. కరెంటుకూ అంతే. గోడ ప్లగ్గులో వచ్చేది సెకనుకు 50 ఆవృత్తాలు చేసే ఏకాంతర విద్యుత్తు. అడాప్టరు దాన్ని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. తీగతో ఛార్జింగు చేస్తే ఆ తర్వాత ఫోనులో ఒక సర్దుబాటు జరిగి, కరెంటు బ్యాటరీకి చేరుతుంది. తీగ లేకపోతేనో? ప్యాడు ఆ ఏకముఖ విద్యుత్తును మళ్లీ ఏకాంతరం చేయాలి, ఈసారి లక్షకు పైగా ఆవృత్తాలతో. అది అయస్కాంత క్షేత్రంగా మారి గాలిలో దూకి, ఫోనులో తిరిగి ఏకాంతర విద్యుత్తు అయి, అక్కడ మళ్లీ ఏకముఖం కావాలి. ప్రతి మలుపులోనూ ఒక తరుగు!

మొత్తం మీద ఎంత పోతుంది? ఇది ప్యాడును బట్టీ, ఫోనును పెట్టిన తీరును బట్టీ మారుతుంది. లెక్క కోసం తీగతో నూటికి 80 పాళ్లు, తీగ లేకుండా 60 పాళ్లు బ్యాటరీకి చేరతాయనుకుందాం. 5000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీలో సుమారు 19 వాట్ గంటల శక్తి పడుతుంది. అది నిండాలంటే గోడ నుంచి తీగతో 24 వాట్ గంటలు, తీగ లేకుండా 32 వాట్ గంటలు తీసుకోవాలి. తేడా 8. రోజూ ఒకసారి నింపితే ఏడాదికి దాదాపు 3 యూనిట్లు. నిజం చెప్పాలంటే మీ నాన్నగారి కరెంటు బిల్లులో ఇది కనిపించను కూడా కనిపించదు. కానీ కోటి ఫోన్లు ఇలా చేస్తే 3 కోట్ల యూనిట్లు. మన దేశంలో బొగ్గుతో ఒక యూనిట్ తయారు కావాలంటే రమారమి 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. కనుక ఆ ఆఖరి అర సెంటీమీటరు కోసం ఏటా ఇరవై వేల టన్నుల బొగ్గు!

అయితే నా దృష్టిలో అసలు చిక్కు బొగ్గు కాదు, బ్యాటరీ. పోయిన ఆ 8 వాట్ గంటలు ఎక్కడికి పోయాయి? వేడిగా మారాయి. కొంత వేడి ప్యాడులో ఉంటుంది, కొంత ఫోనులో పుడుతుంది. ఫోనులోని చుట్ట సరిగ్గా బ్యాటరీ పక్కనే అతుక్కుని ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి అంటే గిట్టదు. దాని లోపల మనకు కావలసిన రసాయన చర్యతో పాటు అక్కరలేని చర్యలు కూడా కొద్ది కొద్దిగా జరుగుతూ ఉంటాయి. గ్రాఫైటు ఎలక్ట్రోడు మీద ఒక పలచని పొర పేరుకుంటుంది. అది మందమైన కొద్దీ పనికొచ్చే లిథియాన్ని తినేస్తుంది. వేడి పెరిగితే ఈ చర్యలు చురుకవుతాయి. ఏడాదిన్నరకే "ఈ ఫోను సాయంత్రం దాకా నిలవడం లేదు" అని పెద్దవాళ్లు విసుక్కోవడం మీరు విన్నారు కదా? బ్యాటరీ వయసు మళ్లిందన్నమాట. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి బ్యాటరీని మనం ఊడదీయలేం. ఒక్క భాగం చెడిందని ఫోను మొత్తాన్ని మూల పడేసేవాళ్లు ఉన్నారు.

2019లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. ఒక ఫోనును మూడు విధాలుగా ఛార్జింగు చేశారు. తీగతో చేసినప్పుడు ఫోను సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెంటిగ్రేడు దాటలేదు. ప్యాడు మధ్యలో సరిగ్గా పెట్టినప్పుడు 30.5 డిగ్రీలకు ఎక్కింది. పక్కకు జరిపి పెట్టినప్పుడు కూడా 30.5 డిగ్రీలే. కానీ సరిగ్గా పెట్టినప్పుడు ఆ వేడి 55 నిమిషాలు నిలిస్తే, జరిపి పెట్టినప్పుడు 125 నిమిషాలు నిలిచింది. మూడున్నర డిగ్రీలు ఒక రోజులో ఫోనును పాడుచేయవు. ఏళ్ల తరబడి రోజూ జరిగితే అది వేరే సంగతి.

పైగా అది ఇంగ్లండు. మన రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెలలో గాలే 45 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఇంట్లో నీడపట్టున కూడా 38, 40 ఉంటుంది. ఫోను ప్రయాణం అక్కడి నుంచి మొదలవుతుందన్నమాట. మరీ వేడెక్కితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి ఛార్జింగు నెమ్మది చేస్తుంది, లేదా ఆపేస్తుంది. అసలే తీగ లేని ఛార్జింగు నిదానం. ఎన్నో ప్యాడ్లు 5 నుంచి 15 వాట్ల వరకే ఇస్తాయి. తీగతో 30, 60 వాట్లు తీసుకునే ఫోన్లు సాధారణమైపోయాయి. కొన్ని వేగమైన ప్యాడ్ల అడుగున చిన్న ఫ్యాను కూడా అమరుస్తారు. తీగ తీసేసినందుకు ఫోనుకు విసనకర్ర పట్టాల్సి వచ్చింది!

ఇక ఫోను తయారు చేసేవాళ్ల తిప్పలు చూడండి. ఇండక్షన్ స్టవ్ మీద స్టీలు గిన్నె ఎలా వేడెక్కుతుంది? మారే అయస్కాంత క్షేత్రం గిన్నె అడుగున సుడి ప్రవాహాలు పుట్టిస్తుంది, అవి గిన్నెను కాలుస్తాయి. ఫోను వీపు లోహంతో ఉంటే జరిగేదీ అదే. శక్తి చుట్టకు చేరకుండా వీపులోనే ఆగి వేడవుతుంది. అందుకే ఈ సదుపాయం కావాలంటే వీపు గాజుదో ప్లాస్టిక్‌దో కావాలి. 2016లో వచ్చిన ఐఫోన్ 7 వీపు అల్యూమినియం. మరుసటి ఏడు తీగ లేని ఛార్జింగుతో వచ్చిన ఐఫోన్ 8 వీపు గాజు. కింద పడితే ఏది పగులుతుందో మీకు వేరే చెప్పాలా? ప్యాడుకూ ఫోనుకూ మధ్య రూపాయి బిళ్ల, తాళంచెవి లాంటివి చిక్కుకున్నా సుడి ప్రవాహాలతో కాలిపోతాయి. కనుక అలాంటివాటిని పసిగట్టి ఆగిపోయే ఏర్పాటు కూడా ప్యాడులో పెట్టాలి. ఫోనులో చుట్ట, దాని వెనక ఫెరైటు రేకు, కరెంటును సరిచేసే సర్క్యూటు, వీటన్నిటికీ చోటు కావాలి. అంతా కలిపి మందం మిల్లీమీటరు లోపే. కాని ఎనిమిది మిల్లీమీటర్ల ఫోనులో అదేం తక్కువ? ఆ చోటులో బ్యాటరీని ఇంకొంచెం పెద్దది చేయవచ్చు.

ఇన్ని చెప్పాను కదా అని ఇది పనికిమాలినది అనుకోకండి. రోజూ పిన్ను గుచ్చి తీసి ఫోను రంధ్రం వదులైపోయినవాళ్లకూ, చేతులు వణికే ముసలివాళ్లకూ ఇది నిజమైన ఉపకారం. ఏ కంపెనీ ప్యాడు మీదైనా ఏ ఫోనైనా పనిచేసేలా 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్టియం "చీ" అనే ప్రమాణం తయారు చేసింది. ఆ మాటకు చైనా భాషలో ప్రాణశక్తి అని అర్థం. 2023లో దాని రెండో రూపం వచ్చింది. ఇందులో గుండ్రంగా అయస్కాంతాలు అమర్చి, ఫోను దానంతట అదే సరైన చోట అతుక్కునేలా చేశారు. పక్కకు జరిగే బాధ దీంతో చాలావరకు తీరింది. మధ్యలో ఉండే సందు మాత్రం అలాగే ఉంది. పేస్‌మేకరు పెట్టించుకున్నవాళ్లు ఈ అయస్కాంతాలను ఛాతీకి దూరంగా ఉంచాలి, మరిచిపోకండి.

ఫోనును ప్యాడు మీద ఎక్కడ పడేసినా ఛార్జింగు అయ్యేలా చేయలేమా? ఆపిల్ కంపెనీ ఆ ప్రయత్నమే చేసింది. ఫోను, గడియారం, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ల డబ్బా, మూడింటినీ ఒకే చాప మీద ఎలా పడితే అలా పెట్టవచ్చని 2017 సెప్టెంబరులో ప్రకటించింది. 2019 మార్చిలో, అది తమ ప్రమాణాలకు తగినట్టు రావడం లేదని చెప్పి మానుకుంది.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల దగ్గరో ఇలాంటి ప్యాడు ఉంటే ఒక ప్రయోగం చేయండి. పెద్దవాళ్ల అనుమతి తీసుకోండి. ఫోను బ్యాటరీ 30 శాతం ఉన్నప్పుడు తీగతో ఛార్జింగు మొదలుపెట్టి, పది నిమిషాలకొకసారి ఎంత శాతం ఎక్కిందో రాసుకోండి. గంట తర్వాత ఫోను వీపు మీద చెయ్యి పెట్టి వేడి ఎలా ఉందో గమనించండి. మరునాడు అదే వేళకు, అదే గదిలో, కవరు తీసేసి ప్యాడు మధ్యలో పెట్టి చేయండి. మూడో రోజు ఒక సెంటీమీటరు పక్కకు జరిపి చేయండి. ఫోను ఛార్జింగు తీసుకోకపోతే కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. మూడు రోజుల అంకెలనూ ఒకే గ్రాఫు కాగితం మీద మూడు రంగుల్లో గీయండి. అడ్డంగా నిమిషాలు, నిలువుగా శాతం.