ఇంజను ఆయిలులో మందు కలుపవలయునా?

ట్రాక్టరు గల సభ్యులును, కారు, మోటారుసైకిలు గల సభ్యులును మమ్ము తరచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "అంగడిలో చిన్న సీసాలలో నొక మందు అమ్ముచున్నారు. దానిని ఇంజను ఆయిలులో పోసిన యెడల ఇంజను అరుగదట, పొగ తగ్గునట, డీజిలు మిగులునట. కొనవచ్చునా?" మా ప్రత్యుత్తరము మొదటనే చెప్పెదము. మంచి ఆయిలును వేళకు మార్చువానికి ఆ సీసా అక్కరలేదు. వేళకు మార్చనివానిని ఆ సీసా కాపాడజాలదు. ఇట్లనుటకు గల కారణములను దిగువ వివరించుచున్నాము.

కందెనలో మందు క్రొత్త గాదు

బండి యిరుసుకు ఆముదము పెట్టిన పెద్దలు మన గ్రామములలో నింకను గలరు. పత్తి వచ్చి నేడు విస్తీర్ణము తగ్గినను, నల్లగొండ, మహబూబ్‌నగరు చెలకలు చిరకాలము ఆముదపు పంటకు పేరొందినవి. ఈ ఆముదమే యొకప్పుడు ఇంజను ఆయిలులో కలిపిన మందు. ఇంగ్లండులో 1899లో వేక్‌ఫీల్డు అనునాతడు స్థాపించిన కంపెనీ, ఖనిజ తైలములో ఆముదము కలిపి, 1909 నుండి దానిని క్రొత్త పేరుతో విక్రయించెను. ఆముదమునకు ఇంగ్లీషున గల క్యాస్టర్ అను మాటనుండియే క్యాస్ట్రాల్ అను ఆ పేరు పుట్టినది. కాబట్టి ఆయిలులో మందు కలుపుట తప్పు గాదు. ఎవరు కలుపవలెను, ఎంత కలుపవలెను అనునదియే ప్రశ్న.

డబ్బాలో నేమున్నది?

మనము కొను ఇంజను ఆయిలు వట్టి నూనె గాదు. నూటికి 10 మొదలు 20 పాళ్ల వరకు అందులో మందులే యుండును. ఇంజనులో పేరుకొను మడ్డిని కడుగునట్టియు, పుట్టిన ఆమ్లమును చంపునట్టియు కాల్షియము, మెగ్నీషియము లవణములు కొన్ని. మసిని ఒకచోట గడ్డకట్టనీయక ఆయిలులోనే తేల్చి యుంచునవి మరికొన్ని. డీజిలు ఇంజనులో ఆయిలు త్వరలోనే నల్లబడుట వీనివలననే. నల్లబడినంత మాత్రమున ఆయిలు చెడినట్లు కాదు. ఇనుము ఇనుముతో రాచుకొనుచోట పలుచని పొరగా నిలిచి అరుగుదలను తగ్గించు జింకు, ఫాస్ఫరసు కలిసిన పదార్థము ఇంకొకటి; ఇది 1940ల నుండి వాడుకలో నున్నది. వేడికి మరీ పలుచబడకుండ జేయునవి, నురుగు రాకుండ జేయునవి వేరుగ గలవు.

ఇవి యన్నియు ఒకదానికొకటి తూకముగ కలుపబడి, ఇంజనులలో పరీక్షింపబడిన పిమ్మటనే డబ్బాపై సి.హెచ్.-4, సి.ఐ.-4 వంటి గుర్తులు పడును. పప్పులో ఉప్పు సరిపోయిన పిమ్మట మరియొక పిడికెడు వేసిన రుచి హెచ్చదు. అంగటి సీసాలో తరచుగా నుండునది ఈ మందులలోనే ఒకటి రెండు, లేదా ఆయిలును చిక్కబరచు జిగురు పదార్థము. దానిని పోసినపుడు కంపెనీవారు కుదిర్చిన తూకము మారును. మారిన తూకమును ఎవరును మన ఇంజనులో పరీక్షించి యుండలేదు.

ఈ వాదము ఇతర దేశములలో విచారణకు వచ్చినది. స్లిక్ 50 అను మందును అమ్మువారు, ఆ మందు లేనిచో ఇంజను స్టార్టు చేయు సమయమున దానికి రక్షణ యుండదని ప్రకటించిరి. అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను 1996లో వారిపై ఫిర్యాదు నమోదు చేసెను; తయారీదారులు చెప్పిన ఆయిలు వాడిన ఇంజనులకు ఆ రక్షణ యుండనే యున్నదని దాని వాదము. 1997లో రాజీ కుదిరి, తగిన సాక్ష్యము లేక అట్టి మాటలు చెప్పరాదని ఉత్తరువు వెలువడెను.

మేము చేసిన తప్పు

కొన్ని యేండ్ల క్రిందట దేవరకొండ వైపు గ్రామమున ఒక రైతు ట్రాక్టరు నీలిపొగ విడుచుచుండెను. అది అప్పుపై కొన్న బండి. అంగడివాడు చిక్కని మందు నొకటి చూపగా, అతడు కొనుటకు ముందు మమ్మడిగెను. "నష్టమేమున్నది, వేసి చూడుము" అంటిమి. వేసెను, పొగ తగ్గెను, మేమును సంతోషించితిమి. దమ్ము చేయు దినములు వచ్చినవి. పొగ కానరానందున అతడు ఆయిలు పుల్ల తీసి చూచుట మానెను. ఆయిలు మాత్రము దినదినము తరుగుచునే యుండెను. నాట్లకు కూలీలు వచ్చి గట్టుపై నిలిచియుండగా ఇంజను మడిలో బిగుసుకొనిపోయెను. విప్పి చూడగా పిస్టను, లైనరు గీతలు పడి యున్నవి. ఎయిర్ క్లీనరు నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము పగిలి, దుమ్ము నేరుగ లోనికి పోవుచుండెను. చిన్న ఖర్చుతో మారు గొట్టము అది. మందు రోగమును మాన్పలేదు. రోగపు గుర్తును దాచినది. ఆ సంవత్సరము అతడు కిస్తు కట్టలేకపోయెను. నాటినుండి "వేసి చూడుము" అను మాట మేము ఎవరికిని చెప్పలేదు.

హాని ఎక్కడ కలుగును?

మోటారుసైకిళ్లలో అధిక భాగమునకు క్లచ్చి ఇంజను ఆయిలులోనే మునిగి యుండును. రాపిడి తగ్గించు మందు పోసిన క్లచ్చి జారును. అందుచేతనే వానికి జాసో ఎం.ఎ. అను గుర్తు గల ఆయిలు చెప్పబడినది. నేటి ట్రాక్టర్లలో పెక్కింటికి బ్రేకులును ఆయిలులో మునిగినవే. గేరుబాక్సు ఆయిలులో ఇట్టి మందు పోయుట, వడ్ల ట్రాలీతో దిగుడు బాటలో ప్రాణముతో చెలగాటమే.

డీజిలులోని గంధకమువలన ఆమ్లము పుట్టునని భయపెట్టి అమ్మువారును గలరు. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమ్ముచున్న డీజిలులో గంధకము పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించరాదు. అంతకు ముందు 50 వరకు ఉండవచ్చును. ఆ భయమునకు కారణము తగ్గినదే గాని హెచ్చలేదు.

న్యాయముగ చెప్పవలెనన్న, పూర్తిగ అరిగిన పాత ఇంజనులో చిక్కని మందు కొన్నాళ్లు పొగను తగ్గించును. గట్టిపడిన సీలును మెత్తబరచి కారుటను తగ్గించు మందులును గలవు. ఇవి రిపేరుకు రూకలు సమకూరువరకు గడుపు ఉపాయములు మాత్రమే. అప్పుడు ఆయిలు మట్టమును మరింత జాగ్రత్తగ చూడవలెను.

చేయవలసిన పనులు

1. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన చిక్కదనము, గుర్తు గల ఆయిలునే కొనుడు. 15డబ్ల్యు-40 అనుచోట మొదటి అంకె చలిలో ఎట్లు పారునో, రెండవది వేడిలో ఎంత చిక్కగ నిలుచునో తెలుపును. సీలు గల డబ్బా, రసీదు లేనిదే కొనకుడు.

2. ఆయిలును నెలల లెక్కన గాక, మీటరులోని గంటల లెక్కన మార్చుడు. పెక్కు ట్రాక్టర్లకు ఇది 250 గంటలు. మీ పుస్తకములో నున్నదే మీకు ప్రమాణము. ఫిల్టరును కూడ అప్పుడే మార్చుడు.

3. ప్రతి ఉదయము స్టార్టు చేయక మునుపు, సమమైన నేలపై ఆయిలు పుల్ల చూడుడు.

4. చెలక దున్నునపుడు, రోటవేటరు నడుపునపుడు ఎయిర్ క్లీనరును దినమున కొకసారి చూచి శుభ్రపరచుడు. గొట్టములు, బిగింపులు తడిమి చూడుడు. మన యెర్రనేలల దుమ్ములోని ఇసుకకు విరుగుడైన మందు ఏ సీసాలోను లేదు.

5. నీలిపొగ ఆయిలు కాలుచున్నదనియు, నల్లపొగ గాలి చాలకనో, డీజిలు ఎక్కువగ పడియో కాలుచున్నదనియు, ఆగని తెల్లపొగ నీరు చేరుటనో, డీజిలు కాలకపోవుటనో తెలుపును. కారణము వెదకుడు, పొగను దాచకుడు.

సీసా కొనదలచిన రూకలను ఈసారి ఫిల్టరుకును, రబ్బరు గొట్టమునకును వెచ్చించి చూడుడు. పుస్తకము పోగొట్టుకొన్న సభ్యులు తమ బండి పేరు, గుర్తు తెలిపి సంఘము ఆఫీసులో విచారించినచో, తగిన ఆయిలు ఏదో వెదకి చెప్పుటకు మేము సిద్ధముగ నున్నాము.