గొట్టంలో చిక్కిన డిప్‌స్టిక్

చార్మినార్ పడమటి వైపు నుంచి మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాకా సాగే లాడ్ బజార్‌లోకి కారు తేవాలని ఎవరూ అనుకోరు. పెళ్లి గాజులు కొనడానికి వచ్చేవాళ్లు ఖిల్వత్ వైపో ఇంకెక్కడో ఆపి నడిచి వస్తారు. తిరిగి దూర ప్రయాణానికి బయల్దేరే ముందు, కారు ఆపిన చోటే బానెట్ ఎత్తి ఆయిల్ చూసుకునే అలవాటు చాలామందికి ఉంది. మంచి అలవాటు. కానీ పాతబడిన కారులో ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ పసుపు పిడి పుటుక్కున విరిగి చేతికొచ్చి, మిగతా ముక్క గొట్టంలోనే ఉండిపోతే? ఆ ఇరుకు గల్లీల్లోకి టోయింగ్ బండి రావడమే గగనం. అందుకే విరిగిన ముక్కను తీసే పని ఎలా జరుగుతుందో కారున్న ప్రతివాళ్లూ తెలుసుకోవాలి.

పిడి ప్లాస్టిక్కు, కింద బద్ద ఉక్కు. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి కాగి చల్లారీ, కాగి చల్లారీ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. గొట్టం మూతిని బిగించి ఉంచే రబ్బరు రింగు కూడా గట్టిపడి అతుక్కుంటుంది. పిడిని పక్కకు వంచి లాగితే అది మెడ దగ్గర తెగుతుంది.

తెగిన వెంటనే చేయకూడనివి రెండు. ముక్క ఎక్కడుందో తేలేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. కిందికి జారిన బద్ద తిరిగే క్రాంక్‌కు తగలొచ్చు. ప్లాస్టిక్ పలుకులు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ప్రెషర్ పడిపోతుంది. రెండోది, ముక్కను వేలితోగానీ స్క్రూడ్రైవర్‌తోగానీ లోపలికి నెట్టకూడదు. పైన చిక్కుకున్న ముక్కను తీయడం కాసేపటి పని. అదే కింద ఆయిల్ చాంబర్‌లో పడిందంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

ముందు ఇంజిన్ చల్లారనివ్వండి. గొట్టం మూతి చుట్టూ ఉన్న దుమ్మును గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూడండి. బద్ద కొస కనిపిస్తే సన్నమూతి ప్లయర్‌తో పట్టుకుని నిటారుగా పైకి లాగితే చాలు.

ప్లాస్టిక్ ముక్క బిరడాలా బిగుసుకుని ఉంటే దాని అంచుకు తుప్పు వదిలించే స్ప్రే కొద్దిగా కొట్టి కాసేపు ఆగాలి. చెక్కకు వాడే సన్నని స్క్రూకు గ్రీజు రాసి ముక్క నడిమధ్య చేత్తో మెల్లగా తిప్పాలి. రాలే పొడి గ్రీజుకు అంటుకుంటుంది. మరలు రెండు మూడు దిగాక స్క్రూ తలను ప్లయర్‌తో పట్టి లాగాలి. డ్రిల్ మెషిన్ జోలికి పోవద్దు. అది ముక్కను పొడిచేసి మొత్తం లోపలికి పంపుతుంది.

కొందరు మెకానిక్‌లు స్క్రూను వేడిచేసి దింపుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజుల పనిలో కిటుకు కూడా ఇదే: వేడికి మెత్తబడిన లక్కలో రాయిని అద్దుతారు, చల్లారగానే లక్క దాన్ని పట్టేస్తుంది. స్క్రూ చుట్టూ కరిగిన ప్లాస్టిక్ కూడా గడ్డకట్టాక అలాగే పట్టుకుంటుంది. పూర్తిగా చల్లారేదాకా ఆగి లాగాలి. అయితే స్ప్రే కొట్టిన గొట్టంలో వేడి స్క్రూ పెట్టడం ప్రమాదం, ఆవిరి అంటుకుంటుంది. పెట్రోలు వాసన వస్తున్న కారు దగ్గర అసలే వద్దు. నన్నడిగితే చల్లటి స్క్రూతోనే ఓపిగ్గా ప్రయత్నించమంటాను.

బద్ద మరీ లోతుకు దిగితే అయస్కాంతం గుర్తొస్తుంది. కానీ గొట్టం కూడా ఉక్కుదైతే అయస్కాంతం కిందికి దిగకుండా దాని గోడకే అతుక్కుపోతుంది. దీనికంటే మేలైన దారి ఒకటుంది. చాలా ఇంజిన్లలో ఆ గొట్టం ఒకటి రెండు బోల్టులతో బిగించి, కింది కొస రబ్బరు రింగుతో దిగేసి ఉంటుంది. బోల్టు విప్పి, అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ గొట్టాన్నే పైకి తీస్తే లోపలి ముక్క దాంతోపాటే వస్తుంది. తీసే ముందు ఇంజిన్ మీది రంధ్రం చుట్టూ శుభ్రంగా తుడవాలి, తిరిగి బిగించేటప్పుడు కొత్త రింగు వేయాలి. ఎంతోమంది ఈ సంగతి తెలియక గొట్టంలోనే గంటల కొద్దీ కెలుకుతుంటారు.

ముక్క చాంబర్‌లో పడిపోయిందని తేలితే గల్లీలో చేయగలిగింది లేదు. ఆయిల్ దించి, బోల్టులన్నీ విప్పి చాంబర్ తీసి, జల్లెడ కడిగి, కొత్త ప్యాకింగ్‌తో బిగించాలి. అది లిఫ్టున్న షెడ్డులో జరగాల్సిన పని. కారును అక్కడిదాకా నడపకుండా తోయించుకునే వెళ్లండి.

ముక్క బయటికొచ్చాక పిడితో జతపెట్టి చూడండి. ఏ పలుకైనా తక్కువైతే అది లోపలే ఉందని అర్థం.

కొత్త డిప్‌స్టిక్ అదే ఇంజిన్‌కు చెందినదే కావాలి. పొడవు కొద్దిగా తేడా ఉన్నా, కనిష్ఠ, గరిష్ఠ గీతలు అబద్ధం చెబుతాయి. చాలా కార్లలో ఆ రెండు గీతల మధ్య తేడా సుమారు 1 లీటరు. చిన్న కారు ఇంజిన్‌లో మొత్తం ఆయిలే 3 లీటర్ల పైచిలుకు కాబట్టి ఆ తప్పు చిన్నది కాదు. ఈసారి ఆయిల్ చూసేటప్పుడు పిడి మెడను కూడా చూడండి. సన్నటి పగులు కనిపిస్తే, విరిగేదాకా ఆగకుండా ఆ వారమే మార్పించండి.