జనన పత్రము ఎక్కడ దొరకును?

బిడ్డ పుట్టిన ఇంట పురుడు పోసికొందురు, బారసాల చేయుదురు, తిథి వార నక్షత్రములు చూపించి జాతకము వ్రాయింతురు. కాని ప్రభుత్వపు జనన పుస్తకములో ఆ బిడ్డ పుట్టుక ఎక్కినదా లేదా అని విచారించువారు అరుదు. ఆ విచారణ ఇరువది ఏండ్ల తరువాత, ఉద్యోగమునకో విదేశయానమునకో పత్రము కావలసివచ్చిన నాడు మొదలగును. అప్పుడు గ్రామస్థులు మొదట తలుపు తట్టునది పంచాయతీ సభ్యుని ఇంటిదే. కనుక ఈ సంగతి సభ్యులకు క్షుణ్ణముగా తెలిసియుండుట అవసరమని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

నేడు జనన మరణముల నమోదు 1969వ సంవత్సరపు కేంద్ర చట్టము ననుసరించి జరుగుచున్నది. ఆ చట్టము 2023లో సవరింపబడి, సవరణలు ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. ఆ తేదీనాడుగాని, ఆ తరువాతగాని పుట్టినవారికి విద్యాలయములలో ప్రవేశమునకు, ఓటర్ల జాబితాకు, డ్రైవింగు లైసెన్సుకు, వివాహ నమోదునకు, ప్రభుత్వోద్యోగమునకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీని, స్థలమును నిరూపించు పత్రము జనన ధ్రువపత్రమే. అంతకు ముందు పుట్టినవారికి పదవ తరగతి పత్రము వంటి ఇతర ఆధారములు చాలచోట్ల చెల్లుచునే యున్నవి. ఇచట ఒక మాట చెప్పవలెను. వయస్సును నిరూపించు పత్రము లేదన్న కారణమున ఏ బిడ్డకును బడిలో ప్రవేశము నిరాకరింపరాదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. పత్రము తెచ్చుకొమ్మని ఉపాధ్యాయుడు చెప్పవచ్చును గాని, బిడ్డను ఇంటికి పంపరాదు.

ఇక అసలు విషయము. జననము నమోదగునది తల్లిదండ్రులు కాపురముండు ఊరిలో కాదు. బిడ్డ పుట్టిన ఊరిలో. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచే మన గ్రామములలో ఎందరో తిరుగరాని చోట్ల తిరిగి అలసిపోవుచున్నారు. మన ఆచారము ప్రకారము ఆడపిల్ల తొలి కాన్పునకు పుట్టింటికి వెళ్ళును. బిడ్డ అక్కడ పుట్టును. మూడవ నెలలోనో అయిదవ నెలలోనో అత్తవారింటికి వచ్చును. ఆ బిడ్డ పెరిగినది, చదివినది, ఓటు వేసినది అంతయు తండ్రిగారి ఊరిలోనే. కాని పుట్టుక వ్రాసిన పుస్తకము అమ్మమ్మగారి ఊరిదగును. పట్టణములోని ఆసుపత్రిలో పుట్టినచో అది ఆ పట్టణపు పురపాలక సంఘమునకు చెందును.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఒక గ్రామమునకు వెళ్ళినపుడు ఒక రైతు మా వద్దకు వచ్చెను. ఆయన కుమార్తె నర్సు చదువు ముగించినది. విదేశములో ఉద్యోగము ఇచ్చువారు జనన పత్రము కోరిరి. ఆయన మూడు మారులు పంచాయతీ కార్యాలయమునకును, రెండు మారులు మండల కార్యాలయమునకును తిరిగెను. ప్రతిసారియు పుస్తకములో లేదనియే సమాధానము వచ్చెను.

"అయ్యా, మా అమ్మాయి ఈ ఊరి బిడ్డ. మా పుస్తకంలో ఎందుకుండదు?" అని ఆయన అడిగెను.

మేము ఆ పిల్ల అమ్మమ్మగారిని పలుకరించితిమి. "నాయనా, అది మా ఊళ్ళోనే పుట్టింది, మా మంత్రసాని చేతిమీద. పది రోజులకో ఏమో ఒకాయన వచ్చి రాసుకుని పోయాడు" అని ఆమె చెప్పెను. ఆమె గ్రామము మరియొక మండలములోనిది. అచటి తహశీల్దారు కార్యాలయమున 1996వ సంవత్సరపు పుస్తకము తీయించగా జననము నమోదై యుండెను. కాని పేరు ఉండవలసిన చోట 'ఆడ శిశువు' అని మాత్రమే యున్నది. ఇంటిపేరులో ఒక అక్షరము మారినది. పుట్టిన తేదీ ఆగస్టు నెలలోనిది. బడి పుస్తకములోనో, పలువురు పిల్లలకు వ్రాసినట్లే, జూను 1వ తేదీ. పేరు చేర్చుటకు నియమములలోని పదునైదేండ్ల గడువు అప్పటికి దాటినది. బడి తేదీకి సరిపోవునట్లు జనన పుస్తకములోని తేదీని దిద్దమని ఎవరును అడుగరాదు, అడిగినను చేయరాదు. పత్రములు సమకూర్చుకొని, తేడాలకు వివరణలు సంపాదించునప్పటికి ఆ సంవత్సరపు అవకాశము ఆమె చేజారిపోయెను. ఆమె పుట్టిన ఏడాదిలోనే ఎవరైనను ఆ కుటుంబమునకు ఒక మాట చెప్పియున్నచో ఈ కష్టము లేకుండెడిది. పేరు చేర్చుటకు మొదటి పండ్రెండు నెలలలో రుసుము కూడ లేదు.

పాత జననములను వెదకు విధము కొంత వివరించెదము. జనన పుస్తకమును వెదకించి, అందలి నకలు పొందు హక్కు ఎవరికైనను కలదు. నిర్ణీతమైన రుసుము చెల్లింపవలెను. సాధారణముగా మన గ్రామములలో పంచాయతీ కార్యదర్శియే రిజిస్ట్రారు. కాని పాత పుస్తకములు ఆయన వద్ద ఉండవు. ఒక సంవత్సరపు పుస్తకము, ఆ సంవత్సరము ముగిసిన పిమ్మట పండ్రెండు నెలలు మాత్రమే రిజిస్ట్రారు వద్ద నుండి, తరువాత ప్రభుత్వము నిర్ణయించిన అధికారి వద్దకు భద్రపరచుటకై పోవును. గ్రామముల పాత పుస్తకములను సాధారణముగా మండల తహశీల్దారు కార్యాలయమున విచారింపవలెను. 1984 జనవరిలో కరణము, మునసబు పదవులు రద్దయినవి. 1985లో తాలూకాల స్థానమున మండలములు ఏర్పడినవి. కాబట్టి అంతకు ముందటి జననమును వెదకునపుడు ఆ గ్రామము ఆనాడు ఏ తాలూకాలో నుండెనో కూడ తెలిసికొని వెళ్ళుట మంచిది. ఇటీవల జిల్లాల హద్దులును మారినవి. ఈనాటి జిల్లా పేరు పాత పుస్తకము అట్టపై కానరాదు.

పుస్తకములో పద్దులు బిడ్డ పేరునుబట్టి కాక, నమోదు జరిగిన వరుసలో నుండును. కావున పుట్టిన సంవత్సరము, నెల, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన స్థలము తెలుపకున్నచో వెదకుట కష్టము. పుట్టిన తేదీకి తరువాతి రెండు మూడు నెలల పుటలు కూడ చూడుమని కోరవలెను. బిడ్డ పేరు కనబడలేదని పుస్తకము మూయనీయరాదు. తండ్రి పేరుతో చూడవలెను.

పెద్దవారికి ఇంగ్లీషు తేదీ గుర్తుండదు. 'శుభకృతులో, పంట కోతలప్పుడు' అందురు. శుభకృతు 1962 ఉగాదినుండి 1963 ఉగాది వరకు నడచినది. కోతలనగా ఆ సంవత్సరాంతమును, 1963 మొదటి నెలలను చూడవలెను. కృష్ణా జిల్లావారు దివిసీమ ఉప్పెనకు ముందో వెనుకో అని చెప్పుదురు. అది 1977 నవంబరు 19వ తేదీన వచ్చినది. సంపూర్ణ సూర్యగ్రహణమునాటికి కడుపులో నున్నాడు అని ఒక తల్లి చెప్పినచో, అది 1980 ఫిబ్రవరి 16వ తేదీ అని గ్రహించి ఆ సంవత్సరపు పుస్తకము తీయింపవచ్చును. జాతకము ఉన్నచో మరియు మేలు. ఐతే ఒక చిక్కు కలదు. పంచాంగము ప్రకారము దినము సూర్యోదయముతో మొదలగును, ప్రభుత్వపు తేదీ అర్ధరాత్రి మారును. శుక్రవారము తెల్లవారుజామున మూడు గంటలకు పుట్టిన బిడ్డకు జాతకములో గురువారమే యుండును. ఒక్కరోజు తేడా కనబడగానే పద్దు వేరొకరిదని త్రోసిపుచ్చరాదు.

ఎంత వెదకినను దొరకనిచో, ఆ సంవత్సరపు పుస్తకములో నమోదు లేదని వ్రాతపూర్వకమైన పత్రము తీసికొనవలెను. నోటిమాటతో తిరిగి రారాదు. ఏడాది దాటిన జననమును నమోదు చేయుటకు జిల్లా మేజిస్ట్రేటు, లేక సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు, లేక జిల్లా మేజిస్ట్రేటుచే అధికారము పొందిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తరువు అవసరము. మన ప్రాంతమున ఈ దరఖాస్తులు సాధారణముగా రెవెన్యూ డివిజనల్ అధికారి వద్దకు పోవును. 'నమోదు లేదు' అను పత్రమును, వయస్సునకు సంబంధించిన ఇతర ఆధారములను జతపరుపవలెను. బడి ప్రవేశ పుస్తకము, ఆసుపత్రి కాన్పుల పుస్తకము, టీకాల కార్డు, క్రైస్తవ కుటుంబములకు చర్చిలోని బాప్తిస్మపు పుస్తకము ఇచట పనికివచ్చును. దరఖాస్తులను మీసేవ కేంద్రముల ద్వారా పంపవచ్చును. కాని కేంద్రములోని కుఱ్ఱవాడు పుస్తకము వెదకడు, అతడు వివరములు ఎక్కించును. వివరములు సరిగా చెప్పు బాధ్యత అడుగువారిదే.

క్రొత్తగా పుట్టిన బిడ్డల విషయము ఇంత కష్టము కాదు. ఇరువది యొక్క దినములలో తెలిపినచో నమోదునకు రుసుము లేదు. ఆ తరువాత ముప్పది దినముల లోపల ఆలస్యపు రుసుముతోను, ముప్పది దినములు దాటి ఏడాది లోపల జిల్లా రిజిస్ట్రారు లేక నిర్ణీతాధికారి వ్రాతపూర్వకమైన అనుమతితోను నమోదు చేయుదురు. నమోదు ముగిసిన ఏడు దినములలో తెలిపినవారికి ధ్రువపత్రము ఉచితముగా నీయవలెను. మొదటి ప్రతికి డబ్బు అడిగినచో అడుగుట తప్పు, ఇచ్చుటయు తప్పు.

ఆసుపత్రిలో కాన్పు అయినచో తెలుపవలసిన బాధ్యత ఆసుపత్రి వైద్యాధికారిది. ఇంటిలో అయినచో ఇంటి యజమానిది, ఆయన లేనిచో దగ్గరి బంధువుది. కూలికై ఇటుకబట్టీలకు పోయిన కుటుంబముల బిడ్డలే ఎక్కువగా తప్పిపోవుచున్నారు. తమిళనాటనో, కర్ణాటకములోనో బట్టీ వద్ద పుట్టిన బిడ్డ, జ్యేష్ఠములో తల్లి చంకనెక్కి మన ఊరు చేరును. ఆ జననము నమోదు కావలసినది అచటనే. బయలుదేరు ముందే గర్భవతులకు ఈ సంగతి చెప్పి పంపుట సభ్యులకు సాధ్యమైన పని. దిక్కులేని పసికందు బహిరంగ స్థలమున దొరకినచో గ్రామాధికారియు, పోలీసు ఠాణా అధికారియు తెలుపవలెను. ఆ బిడ్డకును పత్రము ఉండవలెను. తండ్రి పేరు చెప్పని తల్లి వచ్చినను నమోదు నిరాకరింపరాదు.

ఆడపిల్ల విషయమున ఈ పత్రమునకు వేరొక విలువ కలదు. పదునాలుగేండ్ల పిల్లకు పెండ్లి తలపెట్టి 'దానికి పద్దెనిమిది నిండాయి' అని బంధువులు బల్లగ్రుద్ది చెప్పినపుడు, సభ్యుని చేతిలో పత్రము లేనిచో ఆయన ఏమి చెప్పగలడు? 2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము గ్రామములో పనిచేయవలెనన్న ఆ పిల్ల పుట్టిన తేదీ పుస్తకములో నుండవలెను.

పద్దులో అక్షరదోషము ఉన్నచో రిజిస్ట్రారుకు దరఖాస్తు చేసి సరిదిద్దించుకొనవచ్చును. అసలు పద్దును చెరుపరు. అంచున సవరణ వ్రాసి, తేదీ వేసి సంతకము చేయుదురు. రిజిస్ట్రారు చర్యతో తృప్తి లేనివారు ముప్పది దినములలో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసికొనవచ్చును. తొంబది దినములలో దానిపై నిర్ణయము కావలెను.

మేము చూచిన ఒక పంచాయతీలో చక్కని పద్ధతి నడచుచున్నది. నెలకొకసారి సమావేశమునకు ముందు ఆశా కార్యకర్త వద్దనున్న గర్భవతుల జాబితాను, కార్యదర్శి వద్దనున్న జనన పద్దులను ఒక సభ్యురాలు ప్రక్క ప్రక్కన పెట్టి చూచును. జాబితాలో నుండి పద్దులలో లేని తల్లి ఎవరైనను ఉన్నచో, ఆమె పుట్టింటి ఊరి పేరును, ఆసుపత్రి పేరును వ్రాసికొని, ఆ సాయంకాలమే వారింటికి వెళ్ళి "అమ్మాయీ, బిడ్డ కాగితం తీసుకున్నారా? పేరు ఎక్కించారా?" అని అడుగును.