పార్సిల్ వచ్చింది.. ఇంట్లో మీరు లేరు! పోస్టాఫీసులో అది ఎన్నాళ్లుంటుంది?

పాస్‌పోర్టు కోసం ఎదురుచూస్తున్నారు. సరిగ్గా పోస్ట్‌మ్యాన్ వచ్చిన రోజే ఊరెళ్లారు. తిరిగొచ్చి ట్రాకింగ్‌లో చూస్తే 'డోర్ లాక్డ్' అని ఉంది. మరి ఇప్పుడు అది ఎక్కడుంది?

కంగారు పడకండి.. అలాగని ఆలస్యం కూడా చేయకండి. ఇంటికి తాళం ఉంటే పోస్ట్‌మ్యాన్ చీటీ పెట్టి వెళ్లాలి. పార్సిల్‌ను డెలివరీ పోస్టాఫీసులో సాధారణంగా 7 రోజులు ఉంచుతారు. ఆలోపు ఐడీ ప్రూఫ్ తీసుకుని వెళ్తే ఇచ్చేస్తారు. చీటీ గాలికి ఎగిరిపోయినా పర్లేదు, చివర 'ఐఎన్' అని ఉండే 13 అంకెలు, అక్షరాల ట్రాకింగ్ నంబర్ ఉంటే చాలు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.. వీధి చివర పోస్టాఫీసుకు వెళ్లి అడుగుతారు. అన్ని పోస్టాఫీసుల నుంచీ డెలివరీ ఉండదు. మీ పిన్‌కోడ్ ఏ ఆఫీసుదో అక్కడికే వెళ్లాలి.

గడువు దాటితే? పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతుంది. పాస్‌పోర్టు అయితే మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసుకే.

ఇక 'నాకొద్దు' అని చెప్పేస్తే ఈ 7 రోజులు కూడా ఉండవు, 'రెఫ్యూజ్డ్' అని రాసి వెనక్కి పంపేస్తారు. చెక్ బౌన్స్ నోటీసు తీసుకోకపోతే తప్పించుకున్నట్టే అనుకుంటారు కొందరు. కానీ కావాలని తిరస్కరించిన నోటీసు అందినట్టేనని కోర్టులు చాలాసార్లు చెప్పాయి.

పంపినవాళ్ల అడ్రస్ కూడా లేకపోతే? అలాంటివి రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకు చేరతాయి. ఒకప్పుడు దీన్నే డెడ్ లెటర్ ఆఫీస్ అనేవారు. లోపల అడ్రస్ ఏమైనా దొరుకుతుందేమోనని అక్కడి సిబ్బంది కవర్ తెరిచి చూస్తారు. 1898 నాటి పాత చట్టం ప్రకారమైతే ఉత్తరాలను నాశనం చేసేవారు. విలువైన వస్తువులను ఏడాది ఉంచి, ఎవరూ రాకపోతే అమ్మి ఆ డబ్బు పోస్టల్ శాఖకు జమ చేసేవారు. పాడయ్యే వాటికి మాత్రం ఆ ఏడాది గడువు లేదు. 2024 జూన్ 18 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది.

ఇంకో మాట. 'మీ పార్సిల్ గోడౌన్‌కు వచ్చింది, రెండుసార్లు ప్రయత్నించాం, ఈ లింక్‌లో అడ్రస్ అప్‌డేట్ చేయండి' అని మెసేజ్ వచ్చిందా? అది ఫేక్ అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఇప్పటికే తేల్చింది. ఇండియా పోస్ట్ అలాంటి మెసేజ్‌లు పంపదు. డౌట్ ఉంటే 1800 266 6868కి కాల్ చేయండి. ఒకవేళ లింక్ నొక్కి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.